క్లైమాక్స్‌లో వయొలిన్ పెట్టాం, జనం ఫోన్లు చూసుకున్నారు. నాటకానికి సంగీతం ఎట్లా కట్టాలి?

సైడ్‌వింగ్_హన్మకొండ:
అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిక పట్టండి. మాది హన్మకొండలో చిన్న టీం, 9 మందిమి, అందరం ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రాలు రిహార్సల్ చేసేవాళ్లమే. ఈసారి 50 నిమిషాల నాటకం ఒకటి రాసుకున్నాం. సిరిసిల్లలో సాంచాల (పవర్‌లూమ్ మగ్గాల) మీద పనిచేసే ఒకాయన పని తగ్గిపోయి మహారాష్ట్రలోని భీవండి పోతాడు, ఇక్కడ భార్య బీడీలు చుడుతూ ఇద్దరు పిల్లలను సాకుతుంది, చివరికి ఆయన రాడు, ఆయన గురించిన కబురు వస్తుంది. ఆ చివరి సీను 7 నిమిషాలు. ఆ 7 నిమిషాలూ వెనక వయొలిన్ పెట్టాం. నెట్‌లో ఫ్రీగా దొరికిన ముక్కే కానీ బాగుంటుంది, విడిగా వింటే నాకే గొంతు పట్టేస్తుంది.

రెండు షోలు వేశాం, రెండుసార్లూ అదే కథ. వయొలిన్ మొదలవగానే నాలుగో వరుస నుంచి వెనక్కి ఫోన్ల వెలుతురు. వింగ్‌లో నిలబడి అది చూస్తుంటే కడుపులో తిప్పినట్టయింది. రెండో షోలో మా తమ్ముడు జనంలో కూర్చున్నాడు, వాడి పక్కన ఒకాయన వయొలిన్ వినగానే "ఇంక అయిపోవచ్చింది, బండి తీద్దాం పద" అన్నాడట! డైరెక్టర్ ఏమో సౌండ్ ఇంకా పెంచమంటాడు. అమ్మ పాత్ర వేసే అక్క అసలు తీసేయమంటుంది. మధ్యలో నేను, సంగీతం నా జిమ్మా. వచ్చే నెలలో మళ్లీ రెండు షోలు ఉన్నాయి, ఏం చేయమంటారు?

పద్యప్రియ_కాజీపేట:
తమ్ముడూ, తప్పు వయొలిన్‌ది కాదు, మీ నటికీ ఆ వయొలిన్‌కూ మధ్య పరిచయం లేదు, అదీ సంగతి. నేను రైల్వేలో పనిచేసిన రోజుల్లో పద్యనాటకాలు వేశాను, ఎక్కువగా చిన్న వేషాలే, కానీ హార్మోనిస్టు పక్కన కూర్చుని చూడటం వల్ల కొంత తెలిసింది. మంచి నటుడు పద్యం హఠాత్తుగా ఎత్తుకోడు. వచనం చెబుతూ చెబుతూ ఆఖరి మాటను శ్రుతిలోకి దించుతాడు. హార్మోనిస్టు దాన్ని అందుకుని ఆధార షడ్జం, అంటే 'స' మీద వేలు పెట్టి ఉంచుతాడు, అంతే, వాయించడు. అప్పటికే జనానికి లోపల ఎక్కడో తెలిసిపోతుంది, ఇప్పుడు పద్యం వస్తుందని. మాట దుఃఖాన్ని మోయలేని చోట పద్యం, పద్యం కూడా చాలని చోట రాగాలాపన. అట్లా మెట్టు మెట్టుగా ఎక్కాలి. మీరు నేరుగా మేడ మీద నుంచి మొదలుపెట్టారు.

ఇంకో మాట. కరుణ రసానికి గాంధార, నిషాద స్వరాలు ప్రధానం చేయమని నాట్యశాస్త్రంలో భరతుడే చెప్పాడు. ముఖారి రాగం గానీ శుభపంతువరాళి గానీ తెలిసిన మనిషిని ఒకరిని లైవ్‌గా కూర్చోబెట్టండి. ఆ ఫ్రీ ముక్కలో ఏ రాగముందో దేవుడికే ఎరుక.

లైట్_కమ్_సౌండ్:
సార్ చెప్పింది వినడానికి బాగుంది గానీ హార్మోనిస్టుకు, ఆయన రానుపోను ఖర్చులకు, భోజనానికి కలిపితే ఈ పిల్లల బడ్జెట్ అక్కడే అయిపోతుంది. నేను బతుకుదెరువుకు సౌండ్ ఆపరేట్ చేస్తా, నాటకాలకు సగం ఫ్రీగా చేస్తా (ఆ సగం కూడా ఇవ్వరు, అది వేరే పోస్టు).

ముందు ఒక సంగతి చెప్పు తమ్మీ, ఆ 7 నిమిషాలది ఒకే ఫైలా? ఒకే ఫైలైతే నీ నటి ఆ ఫైలుకు బానిస. రోజూ ఒకే స్పీడ్‌లో ఎవ్వరూ ఏడ్వలేరు. ఇవాళ ఆమె ఒక మాట దగ్గర 10 సెకన్లు ఆగాలనిపించి ఆగితే వయొలిన్ మాత్రం ఆగదు, పైకి పోతూనే ఉంటుంది, ఆమె ఏడుపు కన్నా ముందే దాని ఏడుపు అయిపోతుంది. మూడు ముక్కలు చెయ్. ప్రతి ముక్క చివర అర నిమిషం ఎక్కువ ఉంచు. ఎప్పుడు మొదలుపెట్టాలో స్క్రిప్టు మీద టైం రాయకు, ఆమె చేసే పని రాయి: "చాట కింద పెట్టగానే" అని. ఫేడ్ అవుట్ 6, 8 సెకన్లు తీసుకో, జనానికి తెలియకుండా పోవాలి.

ఇంకో ముఖ్యమైంది, బ్లూటూత్ వద్దు. ఒకసారి ఒక ఊళ్లో కన్నకొడుకు శవం సీను నడుస్తుంటే ఆర్గనైజర్ ఫోన్ మా స్పీకర్‌కు కనెక్ట్ అయి ఉన్న సంగతి ఎవరికీ తెలియదు, వాళ్ల బావమరిది ఫోన్ చేశాడు, మాంచి మాస్ రింగ్‌టోన్. శవం వేసిన పిల్లాడు దుప్పటి కింద ఊగుతున్నాడు నవ్వు ఆపుకోలేక. వైరు, ఫ్లైట్ మోడ్. ఇంతే నా సంగీత శాస్త్రం.

డోలుదెబ్బ_జనగామ:
నాది ఒగ్గుకథ చెప్పే ఇల్లు, మా పెద్దనాయన కథ చెప్పేటోడు. ఒగ్గుకథకు పేరున్న చుక్క సత్తయ్య గారిది మా జిల్లా మాణిక్యాపురమే, ఆయన కథ చిన్నప్పుడు కూర్చుని విన్నవాణ్ణి కాబట్టి ధైర్యం చేసి రాస్తున్న. పద్యప్రియ సారుకు దండం పెట్టి ఒక మాట అంటా, మా దాంట్లో ఏడుపుకు ఒక రాగం, కోపానికి ఒక రాగం అని విడగొట్టి పెట్టుకోం. డోలు, తాళాలు, ఊదే నఫీరి, ఒగ్గు అనే చిన్న డమరుకం, వీటితోనే మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ అన్నీ. అదే డోలు పెండ్లికి, అదే డోలు యుద్ధానికి, అదే డోలు చావుకు. మారేది దెబ్బ.

ఎల్లమ్మ కథలో తల్లి తల నరకమని జమదగ్ని కొడుక్కు చెప్పే కాడ మా పెద్దనాయన చేసేది చెప్త. అప్పటిదాకా రెండు డోళ్లు ఉరికిస్తా ఉంటయ్, చెవులు గింగురుమంటయ్. ఆయన భుజం మీది తుండుగుడ్డ తీసి నెత్తికి కొంగులెక్క వేసుకుంటడు, అంతే, తల్లి అయిండు. చెయ్యి ఇట్లా కొంచెం లేపుతడు. డోళ్లు టక్కున బంద్. తాళం ఒక్కటే, అది కూడా అంచు మీద, చాలా సన్నగా, ఒకటి... ఒకటి... ఒకటి. దాని మీద ఆయన మామూలు గొంతుతో, పాట కాదు, మాటనే, "కొడుకా, అన్నం తిన్నవా" అంటడు. నరకడానికి వచ్చిన కొడుకును అడిగే మాట అది. ఎంతమంది ముసలోళ్లు కొంగు నోట్లో కుక్కుకున్నరో నేను చూసిన. అక్కడ నఫీరి ఊదితే ఆ మాట సచ్చిపోయేది.

అందుకే మీ వయొలిన్ జనానికి ముందే చెప్పేసింది అనిపిస్తది, ఆయన చచ్చిండు, మీరు ఏడ్వాలె అని. చెప్పినంక ఇంకేం చూస్తరు, బండి తీస్తరు.

సైడ్‌వింగ్_హన్మకొండ:
@డోలుదెబ్బ అన్నా, ఆ "అన్నం తిన్నవా" చదివి బస్‌లో కూర్చున్నవాణ్ణి కిటికీ వైపు తిరగాల్సి వచ్చింది. @లైట్ అన్నా అవును, ఒకటే ఫైలు. సిగ్గుగా ఉంది.

సిరిసిల్ల_నేతన్నబిడ్డ:
నేను ఇక్కడ ఎక్కువ రాయను, నాటకాల గురించి నాకు పెద్దగా తెలియదు. కానీ కథ మా ఊరిది కాబట్టి ఒకటి అడుగుతా. మీ నాటకంలో సాంచాల చప్పుడు ఉందా?

సైడ్‌వింగ్_హన్మకొండ:
మొదటి సీన్‌లో ఉంది అన్నా, తెర లేచేటప్పుడు ఒక 20 సెకన్లు. యూట్యూబ్‌లోంచి తీసుకున్నాం. డైలాగులు వినబడాలి కదా అని ఆపేశాం.

సిరిసిల్ల_నేతన్నబిడ్డ:
అదే అనుకున్నా. మాకు ఆ చప్పుడు మొదట్లో వచ్చి పోయేది కాదు. మా ఇంటి గోడకు అవతల 8 సాంచాలు. నేను పుట్టినప్పటి నుంచి ఆ చప్పుడులోనే పడుకున్నా. నాయన 12 గంటల షిఫ్టు, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. మీవాళ్లు చప్పుడుకు నిద్ర లేస్తారు, మేం చప్పుడు ఆగితే లేస్తాం. అర్ధరాత్రి కరెంటు పోయిందనుకోండి, వాడంతా ఒక్కసారి ఆగిపోతుంది, పసిపిల్లలు లేచి ఏడుస్తారు, ముసలివాళ్లు బయటికి వచ్చి అరుగు మీద కూర్చుంటారు. ఆ నిశ్శబ్దం ఎంత భయంగా ఉంటుందో బయటివాళ్లకు తెలియదు. బేరం లేక ఆసాములు (సాంచాలు నడిపించే యజమానులు) సాంచాలు బంద్ పెట్టిన రోజుల్లో పగలే అట్లా ఉండేది. ఎవరింట్లో ఏమైందో అని గుండె పీకుతుండేది.

మా దగ్గర చావుకబురు వచ్చినప్పుడు ఆ వరుసలో సాంచాలు ఆపుతారు. ఎవరూ వచ్చి చెప్పక్కర్లేదు. మా అమ్మ వంటింట్లో నుంచి "ఎవరు?" అని అడిగేది, అంతే.

లైట్_కమ్_సౌండ్:
దొరికింది. తమ్మీ, వయొలిన్ డిలీట్ చెయ్, ఇప్పుడే.

సైడ్‌వింగ్_హన్మకొండ:
చేతులు వణుకుతున్నాయి అన్నా నిజంగా. అంటే నాటకం మొత్తం కింద సన్నగా సాంచాలు నడవాలి, జనం దానికి అలవాటు పడి మర్చిపోవాలి, కబురు వచ్చేటప్పుడు ఆగాలి. కబురు తెచ్చే మనిషి డైలాగే అక్కర్లేదేమో!

పద్యప్రియ_కాజీపేట:
ఆ నేతన్న బిడ్డ రాసింది గొప్పగా ఉంది, కాదనను. కానీ చర్చ సంగీతం గురించి కదా. మగ్గం చప్పుడు సౌండ్ ఎఫెక్ట్ అవుతుంది గానీ సంగీతం ఎట్లా అవుతుంది? రేపు బస్టాండు హారన్‌నూ సంగీతమే అంటారు. ఈ మధ్య నాటక పోటీలకు పోతే పాట లేదు, పద్యం లేదు, వాన చప్పుడు, కుక్క అరుపు, గడియారం టిక్కుటిక్కు. దీన్ని ప్రయోగం అంటున్నారు.

కేయూ_రంగస్థలం:
సార్, అది మళ్లీ మళ్లీ వచ్చి, వచ్చినప్పుడల్లా కథలో ఒక అర్థం మోస్తే సంగీతమే అవుతుంది. సాంచాకు లయ ఉంది, మనం దాన్ని కావాలని పెంచుతున్నాం, తగ్గిస్తున్నాం, ఆపుతున్నాం. ఇంకేం కావాలి?

మీరు భరతుణ్ణి తెచ్చారు కాబట్టి నేనూ అక్కడి నుంచే చెబుతా. నాట్యశాస్త్రంలో నాటకంలో పాడే పాటలను ధ్రువలు అంటారు, అవి 5 రకాలు. పాత్ర వచ్చేటప్పుడు పాడేది ప్రావేశికి, పోయేటప్పుడు నైష్క్రామికి. నడుస్తున్న రసాన్ని ఒక్కసారి విరిచి వేరే దాంట్లోకి తోసేది ఆక్షేపికి. అట్లా కలత పడ్డ జనాన్ని మళ్లీ కుదుటపరిచేది ప్రాసాదికి. అయిదోది అంతర. ఇది నాకు భలే ఇష్టం, నటుడు మూర్ఛపోయినా, బట్టలు సర్దుకోవాల్సి వచ్చినా, ఏదో లోపం కప్పిపుచ్చాల్సి వచ్చినా పాడేది. అంటే మన లైట్ అన్న లాంటివాళ్ల కష్టాలు అప్పుడూ ఉన్నాయన్నమాట. ఇక్కడ చూడండి, పాటల్ని వాటి అందాన్ని బట్టి కాదు, అవి చేసే పనిని బట్టి విభజించారు. మన చిందు యక్షగానంలో దరువు అంటామే, ఆ మాట ధ్రువ నుంచే వచ్చిందంటారు. అక్కడా అంతే, ఇద్దరు తెర పట్టుకుంటారు, వెనక గజ్జెలు మోగుతాయి, "వెడలె" అంటూ ప్రవేశ దరువు ఎత్తుకుంటారు, మనిషి కనబడకముందే వచ్చేది రాజా, రాక్షసుడా, నవ్వించే బుడ్డరఖానా అని ఆ నడకలో తెలిసిపోతుంది. చిందు కళాకారుడు గద్దం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ వచ్చినప్పుడు చాలామంది వీడియోలు చూశారు గదా, ఈసారి వేషాలు కాదు, మద్దెల వాయించే ఆయన కళ్లు చూడండి. ఆయన తాళం వైపు చూడడు, నటుడి కాళ్ల వైపు చూస్తాడు.

ఇక జర్మన్ నాటకకర్త బ్రెష్ట్ సంగతి వేరు. ఆయన పాటను కథలో కలపడు, కథను ఆపి పాడిస్తాడు, జనం ఏడుపులో మునిగిపోకుండా ఆలోచించాలని. 1928లో సంగీతకారుడు కుర్ట్ వైల్‌తో కలిసి చేసిన పని అదే. మన ఊళ్లల్లో కథ చెప్పేవాళ్లు మధ్యలో ఆపి చందా అడుగుతూ పాడే పాట కూడా దాదాపు అదే పని చేస్తుంది, కాకపోతే వాళ్లకు సిద్ధాంతం కన్నా బియ్యం ముఖ్యం.

లైట్_కమ్_సౌండ్:
పీహెచ్‌డీ వైవా అయిపోయిందా అన్నా? జోక్ లే. కానీ ఆ అయిదోది రాసి నా మిక్సర్ మీద అతికించుకుంటా. "లోపం కప్పడానికి పాడేది".

అమ్మ_పాత్ర_నేనే:
వాడు (సైడ్‌వింగ్) ఈ లింకు పంపాడు, అందుకే అకౌంట్ తెరిచాను. ఆ వయొలిన్ తీసేయమన్నది నేనే. ఎందుకో చెప్పాలి. బీడీల సీను కోసం నేను 3 వారాలు నేర్చుకున్నాను, మా కాలనీలో ఒక అమ్మ నేర్పింది. తునికాకును అచ్చు పెట్టి కత్తిరించాలి, తంబాకు పోసి చుట్టాలి, దారం కట్టాలి, మూతి మడవాలి. కత్తెరకు ఒక చప్పుడు ఉంటుంది, కర్‌ర్ కర్‌ర్ అని, చేయి తిరిగినవాళ్లకు అది ఆగకుండా వస్తుంది, నాకు ఇంకా తెగి తెగి వస్తుంది. రిహార్సల్‌లో ఆ కత్తెర వింటూనే నేను డైలాగు చెప్పేదాన్ని, ఊపిరి దానితోనే కుదిరింది. షోలో వయొలిన్ పెట్టేసరికి కత్తెర వినబడలేదు, నా ఊపిరి నాకు తెలియలేదు. మాటలు గాలిలో వేసినట్టయింది.

నాకు ఇంకో ఆలోచన ఉంది, డైరెక్టర్‌కు ఇంకా చెప్పలేదు. కబురు వచ్చాక ఆమె ఏడవకూడదు. బతుకమ్మ పాట ఎత్తుకోవాలి, చాలా చిన్నగా, కత్తెర ఆడిస్తూ. బతుకమ్మ పాట ఒక్కరు పాడేది కాదు కదా, ఒకరు చరణం అంటే చుట్టూ ఉన్నవాళ్లంతా "ఉయ్యాలో" అనాలి, చప్పట్లు పడాలి. ఆమె పాడి ఆగుతుంది, ఉయ్యాలో అనేవాళ్లు ఉండరు. మళ్లీ పాడి ఆగుతుంది. ఇంట్లో నేను ఒక్కదాన్నే పాడి చూశాను, మా అమ్మ పక్కగదిలో నుంచి తనకు తెలియకుండానే "ఉయ్యాలో" అంది.

డోలుదెబ్బ_జనగామ:
అక్కా, నువ్వు మా ఇంట్ల పుట్టాల్సింది.

పద్యప్రియ_కాజీపేట:
అమ్మా, ఇది బాగుంది. ఇది సంగీతం. (సాంచా సంగతి మీద నా అభిప్రాయం నాకుంది, ఉండనివ్వండి.) ఒక్క సలహా. పాట ఎత్తుకునేటప్పుడు శ్రుతి ఎక్కువ పెట్టుకోకండి, పండుగకు పాడే ఎత్తులో పాడితే పండుగే గుర్తొస్తుంది. మామూలుగా మాట్లాడే గొంతు ఎక్కడుందో అక్కడే మొదలుపెట్టండి. రెండో చరణం దగ్గర గొంతు పలికినా పలకకపోయినా పరవాలేదు. ఇంకా కావాలంటే నా దగ్గర పాత హార్మోనియం ఉంది, బెల్లోస్ (గాలి తిత్తి) కొంచెం గాలి తీస్తుంది, వింగ్‌లో కూర్చుని ఆ ఒక్క స్వరం పట్టి ఉంచుతాను. నాకు చార్జీలు అక్కర్లేదు.

లైట్_కమ్_సౌండ్:
సార్, గాలి తీసే బెల్లోస్ అయితే మైకులో ఆస్తమా పేషెంటు లాగా వినబడుతుంది. మైకుకు దూరంగా కూర్చోబెడతాం, సరేనా.

తమ్మీ, సాంచాల రికార్డింగ్ యూట్యూబ్‌ది వాడకు. సిరిసిల్ల అన్నను అడిగి గోడకు ఇవతల నుంచి రికార్డు చేయించు, సాంచా పక్కన నిలబడి కాదు. గోడ అవతల నుంచి వచ్చే చప్పుడులో గణగణ పోయి బరువు మిగులుతుంది, డైలాగుకు అడ్డం రాదు. స్పీకర్ కూడా జనం వైపు పెట్టకు, స్టేజీ వెనక గోడ వైపు తిప్పి పెట్టు.

సిరిసిల్ల_నేతన్నబిడ్డ:
రికార్డు చేసి పంపిస్తా. రాత్రి షిఫ్టుది పంపుతా, పగలు బండ్ల హారన్లు వస్తాయి.

పరకాల_ప్రేక్షకుడు:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. ఇదంతా హాల్లో కూర్చునే 100 మందికి పనికొస్తుంది. ఊళ్లల్లో గుడి ముందట వేస్తే ఈ కత్తెర చప్పుడు, ఈ నిశ్శబ్దం ఎవడికి వినబడుతుంది? మా దగ్గర జనానికి గట్టిగా పాట ఉండాలి, డప్పు ఉండాలి, లేకపోతే లేచి పోతారు. నిశ్శబ్దం పెడితే మైకు పోయిందనుకుని కేకలేస్తారు.

డోలుదెబ్బ_జనగామ:
అన్నా, మా పెద్దనాయన చెప్పింది గుడి ముందటనే, మైకు లేకుండ. కానీ నీ మాట కూడా ఉత్తదేం కాదు. మేం కథ మొదలుపెట్టేముందు డోళ్లు అరగంట దంచుతం, ఊరంతా వచ్చి కూర్చునేదాకా. అంత గట్టిగ విన్నంకనే ఆపితే తెలుస్తది. మొదటి నుంచి మెల్లగ పెడితే ఆపినా ఎవనికీ తెల్వదు. డప్పు పెడితే ముందు కాపుకోవాలె, మంట మీద తోలు బిగిసేదాకా, చలికి మెత్తబడ్డ డప్పు ఏ భావమూ చెప్పదు. సిర్ర, సిటికెన పుల్ల చేతుల పట్టుకున్న పిల్లగాళ్లందరూ డప్పోళ్లు కారు, అది కూడా యాదికుంచుకోండ్రి.

మోడరేటర్:
నడిమిట్ల ఊరి ప్రేక్షకులు, పట్నం ప్రేక్షకులు అనే లొల్లి మొదలైన 6 పోస్టులు తీసేశాను. వేరే చోట పెట్టుకోండి.

సైడ్‌వింగ్_హన్మకొండ:
5 వారాల తర్వాత వస్తున్నా, సారీ. రెండు షోలూ అయిపోయాయి.

మొదటిది పరకాల వైపు ఒక ఊళ్లో, బడి గ్రౌండ్‌లో. పోయింది. కారణం ఎవరూ ఊహించరు. సాంచాలు నాటకం మొత్తం నడిచాయి, కబురు దగ్గర లైట్ అన్న చెప్పినట్టే ఆపాం, కానీ నిశ్శబ్దం రాలేదు. జనరేటర్! అది స్టేజీ పక్కనే ఉంది, అదీ సాంచా లాగే దడదడ కొట్టుకుంటుంది. మా సాంచాలు ఆగినా జనానికి ఏదో ఒకటి నడుస్తూనే ఉంది. అక్క పాట మాత్రం నిలబెట్టింది, వెనక వరుసలో ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు "ఉయ్యాలో" అన్నారు, గట్టిగా కాదు. ఆ మాట పడగానే అక్క ఆగిపోయింది, స్క్రిప్టులో లేదు అది. తర్వాతి చరణం ఎత్తుకోవడానికి చాలాసేపు పట్టింది. పద్యప్రియ సార్ హార్మోనియం మీద వేలు తీయకుండా అట్లాగే ఉన్నారు.

రెండోది హన్మకొండలో హాల్లో. అక్కడ కుదిరింది. సాంచాలు ఆగగానే ముందు వరుసల్లో ఒక పదిమంది ఒకేసారి తలెత్తి పైన ఫ్యాన్ల వైపు చూశారు. కరెంటు పోయిందనుకున్నారు! ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. అప్పుడు మెల్లగా స్టేజీ వైపు తిరిగారు. కబురు తెచ్చే మనిషి గుమ్మంలో నిలబడ్డాడు, డైలాగు తీసేశాం, అక్క "ఎవరు?" అని మాత్రం అడిగింది. నేను వింగ్‌లో ఉన్నా, ఫోన్ల వెలుతురు కనబడలేదు. లేక నా కళ్లకే సరిగా కనబడలేదో.

డైరెక్టర్ ఇప్పటికీ చివర్లో కొంచెం వయొలిన్ ఉంటే బాగుండేది అంటున్నాడు.

లైట్_కమ్_సౌండ్:
జనరేటర్ సంగతి నేను ముందే చెప్పాల్సింది, తప్పు నాదే. ఈసారి బడి భవనం వెనక్కి పెట్టించు, మధ్యలో గోడ ఉండాలి, కేబుల్ పొడుగు తెచ్చుకో. నా దగ్గర పెద్ద కేబుల్ చుట్ట ఉంది, తీసుకుపో, తిరిగి ఇవ్వు (ఇది ముఖ్యం).

సైడ్‌వింగ్_హన్మకొండ:
@సిరిసిల్ల_నేతన్నబిడ్డ అన్నా, మీ రికార్డింగ్ వల్లే ఇదంతా. మీ ఊళ్లో ఒక షో వేయాలని ఉంది, ఎప్పుడు రావచ్చు?

సిరిసిల్ల_నేతన్నబిడ్డ:
రండి. కానీ సాంచాలు నడిచే టైంలో పెట్టకండి, మీ స్పీకర్ ఆపినా మావి ఆగవు. షిఫ్టు మారేటప్పుడు కూడా వద్దు. అమ్మను అడిగి ఏ రోజు బంద్ ఉంటుందో చెబుతా. మీరు వస్తున్నారని చెప్పాను, ఆ అక్క కత్తెర ఎట్లా పడుతుందో ఒకసారి చూడాలంటోంది.